బాపు ఫోన్‌లో కుట్ర కథ వచ్చింది, ఇప్పుడు ఏం చేయాలి?

2023 జులై చివర్లో హన్మకొండలోని మా ఇంట్లో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. నీళ్లు తోడేసిన మూడో రోజు, గోడ మీద బురద గీత ఇంకా ఆరలేదు, బాపు మంచం మీద కూర్చుని ఫోన్ నా ముందు పెట్టాడు. "గిది చూడు బిడ్డా. వాన పడలే, పడగొట్టిన్రు." వీడియోలో ఒక విమానం, దాని వెనక తెల్లటి పొగ, కింద మునిగిన ఊళ్లు, వెనక నుంచి ఒక బరువైన గొంతు. నేను నవ్వాను. "ఇవి కూడా నమ్ముతావా బాపూ?" అన్నాను. ఆయన ఫోన్ లాక్కుని అటు తిరిగాడు. రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. వీడియో మాత్రం ఆ సాయంత్రమే చుట్టాల గ్రూపులన్నిటికీ వెళ్లింది.

ఇల్లు మునిగిన మనిషి ముందు నవ్వాననే బాధ నాకు ఇప్పటికీ పోలేదు. ఆ తర్వాత ఇంట్లో, చాయ్ హోటల్ దగ్గర, పనిచేసే చోట ఇలాంటి కథలు ఎదురైనప్పుడు ఏం చేస్తే మాట ముందుకు సాగిందో, ఏం చేస్తే తెగిపోయిందో చూస్తూ వచ్చాను. పనికొచ్చినవి ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లో బాపు కాకపోతే మేనమామ, చిన్నమ్మ, ఇంజనీరింగ్ చదివే తమ్ముడు, ఎవరో ఒకరు ఉంటారు. చదువుకున్నవాళ్లు వీటిలో పడరని అనుకోకండి. నేను కూడా పడ్డాను, అది ముందు చెబుతాను.

మొదటి పని: కథ మొత్తం చెప్పించుకోండి

"అబద్ధం" అనే మాట నోటి చివరిదాకా వస్తుంది. దాన్ని మింగేయండి. మూడే మూడు అడగండి: ఎవరు చేశారట? వాళ్లకేం లాభమట? ఎట్ల చేశారట? అడిగి, మధ్యలో అడ్డురాకుండా వినండి. పెద్దవాళ్లు చెబుతుంటే ఫోన్ చూసుకోవద్దు. అవతలి మనిషి మాట విన్నారన్న నమ్మకం కుదిరాకే మీ మాటకు చోటు దొరుకుతుంది.

వింటున్నప్పుడు ఒక సంగతి గమనించండి. కుట్ర కథలో దేనికీ కారణం లేకుండా ఉండదు. ప్రతి దాని వెనకా ఒకడు ఉంటాడు, వాడికో ఉద్దేశం ఉంటుంది. 1944లో ఫ్రిట్జ్ హైడర్, మరియాన్నె సిమెల్ అనే ఇద్దరు పరిశోధకులు జనానికి ఒక చిన్న బొమ్మల చిత్రం చూపించారు. అందులో ఉన్నది రెండు త్రిభుజాలు, ఒక గుండ్రటి చుక్క, ఒక పెట్టె. అవి అటూ ఇటూ కదులుతాయి, అంతే. చూసినవాళ్లలో దాదాపు అందరూ పెద్ద త్రిభుజం దౌర్జన్యం చేస్తోందని, మిగతా రెండూ దాని నుంచి తప్పించుకుంటున్నాయని కథ అల్లి చెప్పారు. గీతలకే మనం బుద్ధి అంటగట్టగలం. ఇక వానకు, రోగానికి, ధరలకు అంటగట్టడం ఎంతసేపు? మన దగ్గర రాత్రంతా కూర్చుని ఒగ్గు కథ విన్న తరం ఇంకా ఉంది. కథలో వాన ఊరికే పడదు. ఎవరో మొక్కితేనో, ఎవరో అలిగితేనో పడుతుంది. బాపు చెవికి వీడియోలోని గొంతు కొత్తగా అనిపించలేదు, అది ఆయనకు బాగా అలవాటైన కథ చెప్పే తీరే.

రెండో పని: ఆ కథ ఏ నొప్పి మీద మందులా పడిందో వెతకండి

ఇక్కడ కాస్త ఆగండి, అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.

ఆ వరదలో మా బీరువా కింది అర తడిసింది. అందులో బాపు పట్టా పాసుపుస్తకం ఉంది. ఆయన దాన్ని ఫ్యాను కింద పెట్టి, ఒక్కో పేజీ మధ్య పాత పేపరు ముక్క దూర్చి ఆరబెట్టాడు. ముప్పై ఏళ్లు జాగ్రత్తగా దాచిన కాగితం ఒక్క రాత్రిలో ముద్దయింది. చేయగలిగింది ఏమీ లేదు. సరిగ్గా అలాంటి సమయంలోనే మన కళ్లు లేని బొమ్మలు చూస్తాయి. 2008లో అచ్చైన ఒక పరిశోధనలో జెన్నిఫర్ విట్సన్, ఆడమ్ గలిన్‌స్కీ, తమ చేతిలో ఏమీ లేదన్న భావం కలిగించిన మనుషులకు ఉత్త చుక్కలు చల్లిన బొమ్మలు చూపించారు. వాళ్లకు ఆ చుక్కల్లో లేని ఆకారాలు ఎక్కువగా కనిపించాయి. కుట్రలు కూడా అలాగే కనిపించాయి. పట్టు తప్పిన మనసు ఏదో ఒక పట్టుకొమ్మ కోసం తడుముకుంటుంది. "ఎవడో చేశాడు" అన్నది గట్టి కొమ్మ. కనీసం తిట్టడానికి ఒక మనిషి దొరుకుతాడు.

ఇంకొకటి, దెబ్బ ఎంత పెద్దదైతే కారణం కూడా అంత పెద్దదిగా ఉండాలని మనకు అనిపిస్తుంది. ఆ ఏడు జులై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి ఊరు ఊరే మునిగి, మిద్దెలెక్కిన జనం కోసం హెలికాప్టర్లు వచ్చాయి. అంత దెబ్బకు "అల్పపీడనం" అన్న మాట ఆనదు. అంతకుముందు ఏడాది, 2022 జులైలో, గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటినప్పుడు అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావే అక్కడ నిలబడి, క్లౌడ్ బరస్ట్ వెనక విదేశాల కుట్ర ఉందని అంటున్నారని, అదెంత నిజమో తెలియదని అన్నారు. ఆ మాట ఊరూరా తిరిగింది. బాపు కూడా దాన్నే గుర్తు చేశాడు. లెక్క చూడండి. వాతావరణ శాఖ క్లౌడ్ బరస్ట్ అని పిలిచేది గంటలో 10 సెంటీమీటర్లకు మించి, 20, 30 చదరపు కిలోమీటర్లలో పడే వానను. గోదావరి పరీవాహకం 3 లక్షల చదరపు కిలోమీటర్లకు పైనే. అక్కడొక చోట కుండ పగిలితే అంత నది నిండదు. రోజుల తరబడి, మహారాష్ట్ర నుంచి మన దాకా, మొత్తం పరీవాహకం మీద పడితేనే నిండుతుంది.

మా వాడ మునగడానికి కారణం ఇంకా చప్పటిది. ఓరుగల్లు గొలుసుకట్టు చెరువుల ఊరు. ఒక చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీళ్లు కాలువ పట్టుకుని కింది చెరువుకు పోవాలి. ఆ కాలువలను మనం నాలాలు చేశాం, నాలాల మీద స్లాబులు వేశాం. మా వాడలో నాలా మీద మెట్లు కట్టుకున్న ఇళ్లలో మాదీ ఒకటి. ఆ మెట్లు కట్టించింది బాపే. నేను అడ్డు చెప్పలేదు. విమానం కథలో మా మెట్లు ఉండవు. ఆ కథ మమ్మల్ని నిర్దోషులుగా వదిలేస్తుంది. మనిషికి అంతకంటే హాయి ఏముంటుంది?

ఈ సంగతి మీకు అర్థమైతే చాలు, వెంటనే బయటికి అనకండి. నొప్పి గురించి అడగండి. నేను ఆ మూడో రోజు అడగాల్సింది "పాసుపుస్తకం ఆరిందా బాపూ?" అని.

మూడో పని: కథలో రుచి ఉందని ఒప్పుకోండి

నమ్మకం వెనక భయమే కాదు, సరదా కూడా ఉంది. నెదర్లాండ్స్‌కు చెందిన యాన్ విల్లెమ్ వాన్ ప్రోయెన్ బృందం 2022లో అచ్చైన పరిశోధనలో, పారిస్‌లోని నోత్ర్‌దామ్ చర్చి కాలిపోవడం గురించి కొందరికి కుట్ర ఉందనే రాతను, కొందరికి మామూలు రాతను ఇచ్చింది. కుట్ర ఉన్న రాతే ఎక్కువ ఆసక్తిగా అనిపించింది. ఎంత ఆసక్తిగా అనిపిస్తే అంత నమ్మారు కూడా. అంటే "భలే ఉంది" అన్న ముచ్చట "నిజమే కావచ్చు" అన్న నమ్మకంగా మనకు తెలియకుండానే మారిపోతుంది.

మన ఊరి కథలతో దీన్ని పరీక్షించుకోవచ్చు. వేయిస్తంభాల గుడి నుంచి ఖిల్లా వరంగల్ దాకా సొరంగం ఉందని మీరూ వినే ఉంటారు. నేను ఐదో తరగతిలో విన్నాను. ఆ రోజు గుడి వెనక రాళ్ల సందులన్నీ వంగి చూశాను, చల్లటి గాలి తగిలినట్టే అనిపించింది. కోహినూరు ఒకప్పుడు భద్రకాళి అమ్మవారి కన్నుగా ఉండేదని అంటారు. 1310లో మాలిక్ కాఫూర్ ఓరుగల్లు నుంచి అపారమైన సొమ్ము తీసుకుపోయింది నిజం. 1849లో లాహోర్ ఒప్పందంతో కోహినూరు బ్రిటిష్‌వాళ్ల చేతికి పోయింది నిజం. ఈ రెంటినీ కలిపే గట్టి కాగితం మాత్రం లేదు. అయినా ఆ కథ చెబుతుంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది, పిల్లలకు చెబుతాను కూడా. చెప్పేటప్పుడు "అంటారు" అన్న మాట వదలను.

కాబట్టి ఇంట్లోవాళ్ల దగ్గర "కథ మాత్రం మంచిగుంది" అని మనసారా అనండి. తర్వాత మీలో మీరు ఒకటి తేల్చుకోండి. ఈ కథ నా నుంచి ఏమైనా అడుగుతోందా? సొరంగం కథ ఏమీ అడగదు. టీకా వేయించుకోకు, ఫలానా వాళ్ల దుకాణానికి పోకు, ఆ కొత్త మనిషిని పట్టుకో అని అడిగే కథలు వేరు. మీ ఓపిక, సమయం వాటి కోసం దాచుకోండి. ప్రతి చిన్న కథ మీద యుద్ధం చేస్తే ఇంట్లో మీ మాటకు విలువ ఉండదు.

నాలుగో పని: చేతిలో పెట్టి చూపగలిగేది ఉంటే చూపండి

నేను పడ్డ కథ ఇది. పది రూపాయల బిళ్ల. మన జిల్లాల్లో చాలా దుకాణాల్లో "బిళ్లలు నడుస్తలేవు" అనేవాళ్లు. పది గీతలున్నది అసలు, పదిహేను గీతలున్నది దొంగది, రూపాయి గుర్తు లేనిది దొంగది అని ఒక మెసేజ్. నేను డబ్బాలో ఉన్న బిళ్లలన్నీ మంచం మీద పోసి గీతలు లెక్కపెట్టి, పదిహేను గీతలవి విడిగా మూట కట్టాను.

రిజర్వు బ్యాంకు 2018 జనవరి 17న స్పష్టంగా చెప్పింది: అప్పటిదాకా 14 రకాల డిజైన్లలో పది రూపాయల నాణేలు వచ్చాయి, అన్నీ చెల్లుతాయి. రూపాయి గుర్తును దేశం ఖరారు చేసిందే 2010లో. అంతకుముందు పోసిన బిళ్ల మీద ఆ గుర్తు ఎక్కడి నుంచి వస్తుంది? ఈ ఒక్క ప్రశ్న నన్ను నిలబెట్టింది. మూట విప్పి, ఒక బిళ్లను అరచేతిలో పెట్టుకుని, దాని మీద ఏడాది చదివాను. 2009. బయట పసుపు పచ్చటి వలయం, లోపల తెల్లటి ముక్క, గుర్తు లేదు. ఉండనవసరం లేదు. ఎవరూ నాతో వాదించలేదు, బిళ్లే చెప్పింది.

మీరూ ఇలాగే చేయండి. ఏడాది, తేదీ, కొలత లాంటివి ఎదుటి మనిషి తన కళ్లతో తాను చదివేలా చూడండి. 2021లో 5జీ టవర్ల వల్లే జనం కరోనాతో చనిపోతున్నారని మెసేజ్‌లు తిరిగాయి. మన దేశంలో 5జీ సేవలు మొదలైంది 2022 అక్టోబర్ 1న. ఇంట్లో ఎవరి ఫోన్‌లో 5జీ ఎప్పుడు వచ్చిందో వాళ్లకే గుర్తుంటుంది, అడిగితే చాలు. 2020 ఫిబ్రవరి చివర్లో కోడికూర తింటే కరోనా వస్తుందన్న పుకారుతో కోళ్ల ఫారాలవాళ్లు నిలువునా మునుగుతుంటే, రాష్ట్ర మంత్రులు హైదరాబాద్‌లో వేదిక మీదే చికెన్ తిని చూపించారు. వంద ప్రకటనల కంటే ఆ పని మేలు.

ఒక హెచ్చరిక. బిళ్ల మంచిదేనని మా కిరాణా సేటుకు కూడా తెలుసు. "నేను తీసుకుంట బిడ్డా, నా దగ్గర ఎవరు తీసుకుంటరు?" అన్నాడు. ఎవరూ నమ్మకపోయినా, పక్కవాడు నమ్ముతాడేమోనన్న భయంతోనే పుకారు బతకగలదు. అలాంటి చోట వాదన పనిచేయదు. మీరు తీసుకోండి, తీసుకుంటున్నానని నలుగురికీ తెలియనివ్వండి.

ఐదో పని: అనుమానాన్ని అవమానించకండి, కొలవండి

"ఎవరూ కుట్రలు చేయరు" అనకండి. అది నిజం కాదు, ఆ మాటతో మీరు ఓడిపోతారు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు ఏళ్ల తరబడి లెక్కలు తారుమారు చేశానని తానే ఉత్తరం రాసి ఒప్పుకున్నాడు. 2015లో కోర్టు పది మందికి శిక్ష వేసింది. మార్కెట్ యార్డులో పత్తి ధర ఉన్నట్టుండి పడిపోతే వ్యాపారులు రింగు కట్టారని రైతులు అంటారు. ఆ అనుమానానికి అనుభవం ఉంది.

అసలు కుట్రకు, కథకు తేడా ఎట్ల పట్టాలి? సత్యం వ్యవహారం చూడండి. చేసినవాళ్లు కొద్దిమంది, కావలసింది డబ్బు, మిగిలింది కాగితాలు, చివరికి లోపలి మనిషే బయటపడ్డాడు. రింగు అనుమానాన్ని కూడా పరీక్షించవచ్చు. అదే రోజు పక్క మార్కెట్‌లో అదే రకం పత్తికి ఎంత పలికింది? వరుసగా ఎన్ని రోజులు తేడా ఉంది? లెక్క తేలితే ఫిర్యాదు చేయవచ్చు. విమానం కథకు వేల మంది నోరు మూసుకుని ఉండాలి, ఒక్క కాగితం బయటికి రాకూడదు. రాకపోవడమే దానికి సాక్ష్యం అంటుంది.

అందుకే ఈ ప్రశ్న దగ్గర పెట్టుకోండి: "ఇది తప్పని తేలాలంటే మనకు ఏం కనిపించాలి?" గెలవడానికి కాదు, నిజంగా తెలుసుకోవడానికే అడగండి. జవాబు ఉంటే ఇద్దరూ కలిసి వెతకండి. ఏం కనిపించినా మారదంటే, అక్కడ ఉన్నది సమాచారం మీద నమ్మకం కాదు, ఎవరి మీదో అపనమ్మకం. 2012లో బ్రిటన్ పరిశోధకులు ఒక విచిత్రం చూశారు. యువరాణి డయానాను చంపేశారని ఎంత గట్టిగా నమ్మేవాళ్లయితే, ఆమె చావు నటించి ఎక్కడో బతికే ఉందన్నదాన్ని కూడా అంత ఎక్కువగా ఒప్పుకున్నారు. రెండూ ఒకేసారి నిజం కాలేవు. "పైవాళ్లు మనకు నిజం చెప్పరు" అన్న ఒక్క భావం ఆ రెంటినీ మోస్తోంది.

నేను చివరికి బాపుతో ఇలా మొదలుపెట్టాను: "ఉమ్మడి రాష్ట్రంలో కరువు జిల్లాల్లో మేఘమథనం చేసిన్రు కదా బాపూ, విమానం నుంచి. అప్పుడు వాన ఎంత పడ్డది?" ఆయన కాసేపు ఆలోచించాడు. "ఏం పడ్డది, ఉత్త ఖర్చు" అన్నాడు. అంతే, ఆ రోజుకు ఆపేశాను.

ఆరో పని: పంపే వేలును ఆపండి

వాట్సాప్‌లో మెసేజ్ పైన రెండు బాణం గుర్తులు కనిపిస్తే, అది మీ దాకా రావడానికి కనీసం ఐదు చేతులు మారింది. దాన్ని ఒకేసారి ఒక్కరికే, లేదా ఒక్క గ్రూపుకే పంపగలరు. ఈ గుర్తు ఇంట్లో పెద్దవాళ్లకు చూపించండి, చాలామందికి తెలియదు. గుండె దడదడలాడించే మెసేజ్ ఏదైనా పొద్దున వస్తే రాత్రి భోజనం దాకా పంపొద్దని ఇంట్లో ఒక మాట అనుకోండి. సాయంత్రానికి చాలా వాటి వేడి చల్లారిపోతుంది.

దీనికి ఒకే మినహాయింపు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా వచ్చిందన్న మెసేజ్ వస్తే రాత్రిదాకా ఆగొద్దు, వెంటనే 100కో 112కో ఫోన్ చేసి అడగండి, మెసేజ్ మాత్రం ఎవరికీ పంపొద్దు. 2018లో ఈ పుకారు మన పల్లెల్లోనూ రాత్రి కాపలాలు పెట్టించింది. ఆ జులై 1న మహారాష్ట్ర ధులే జిల్లా రైన్‌పాడలో ఐదుగురిని జనం కొట్టి చంపారు. కొత్త మొహం కనిపిస్తే గుంపు చేరుతుంటే, మీరు ఒక్కరైనా ఆ మనిషి పక్కన నిలబడి పోలీసులు వచ్చేదాకా మాటల్లో పెట్టండి.

ఏడో పని: నిజం ముందు చెప్పండి, దారి వదిలి చెప్పండి

"పదిహేను గీతల బిళ్ల దొంగది అన్నది అబద్ధం" అని పదిసార్లు అంటే, కొన్నాళ్లకు "పదిహేను గీతల బిళ్ల దొంగది" అన్న ముక్కే చెవుల్లో మిగులుతుంది. ఒకే మాట మళ్లీ మళ్లీ వింటే అది నిజంగా తోస్తుందని 1977లోనే ప్రయోగం చేసి చూశారు. కాబట్టి "పది రూపాయల బిళ్లలన్నీ చెల్లుతాయి" అని మొదలుపెట్టి, అక్కడే ముగించండి.

గ్రూపులో దిద్దకండి. నలుగురిలో తప్పు పట్టించుకుంటే ఏ పెద్దమనిషీ వెనక్కి తగ్గడు, ఇజ్జత్ అడ్డొస్తుంది. విడిగా, చాయ్ తాగేటప్పుడు చెప్పండి. "నాకు కూడా బిళ్లల సంగతి అట్లనే అనిపించింది బాపూ" అంటే ఆయన దిగిరావడానికి ఒక మెట్టు దొరుకుతుంది. ఒక్క కూర్చోవడంలో అయ్యే పని కాదిది. మా ఇంట్లో పది నెలలు పట్టింది, అదీ సగమే.

ఆ వాన ఎవరో పడగొట్టిందేమోనని బాపు ఇప్పటికీ అప్పుడప్పుడు అంటాడు. నేను వింటాను. పోయిన వానాకాలానికి ముందు, మే నెల ఎండలో, నాలా జాలీ దగ్గర పేరుకున్న చెత్త తీయించమని వార్డు ఆఫీసుకు రెండుసార్లు పోయివచ్చింది ఆయనే. రెండోసారి వచ్చాక మెట్ల మీద కూర్చుని చెమట తుడుచుకుంటూ, కింద స్లాబును చెప్పుతో మెల్లగా తట్టి, "గిది తీస్తే ఇంట్లకు ఎట్ల ఎక్కుదుం రా?" అని అడిగాడు. మేస్త్రీని పిలిపించి కొలతలు తీయించాం.